మారెన్ నోటి బుల్లిష్ మాట

మారెన్‌కు పెళ్లై నాలుగు వారాలు. ఈ నాలుగు వారాల్లో ఆమెకు నచ్చనిదంటూ లేదు. భర్త వేడ్ టోస్టు మాడ్చినా ముద్దొచ్చేవాడు. అత్తగారు పంపే గసగసాల కొలాచీ బన్నులు, చేల మధ్య తిన్నగా సాగే మట్టిరోడ్డు, అన్నీ పండగే.

ఆ సంబరంలోనే, సెలవు ముగించుకుని ఊరి రేడియో స్టేషన్లో ఉద్యోగానికి తిరిగొచ్చిన మొదటి మధ్యాహ్నం ధాన్యం ధరలు చదివి, చివర్లో "మొక్కజొన్న మీద నేను బుల్లిష్" అనేసింది. ఎద్దు కొమ్ములతో ఎగదోసినట్టు ధర లేస్తుందని నమ్మేవాళ్ల మాట అది. ఆధారమా? దారిలో కారు కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది, అంతే!

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో అదే ఊతపదమైంది. కెఫేలో ఆపిల్ కేకు మీద బుల్లిష్, వాన మీద బుల్లిష్. "ఏమ్మా, ఇవాళా బుల్లిషేనా?" అని దారంతా పలకరింపులు. మొదట్లో మురిసిపోయింది. తర్వాత తెలిసింది, ఆమెకది నమ్మకమైతే రైతులకది "ఇప్పుడే అమ్మొద్దు, ఆగు" అని.

మామగారు లాడ్ కుబిచెక్ రెండు ఇనుప గాదెల నిండా నిరుటి పంట అట్టే పెట్టేశాడు. "మా కోడలు చెప్పింది" అని ఊరంతా చాటాడు కూడా.

ఈ రోజు పదకొండింటికి ప్రభుత్వ పంట అంచనా వచ్చింది. దేశమంతా విరగపండింది. ధర జారడం మొదలైంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా లాడ్ కొలాచీల డబ్బాతో స్టూడియోకే వచ్చేశాడు.

"మీరేంటి మామయ్యా, ఇక్కడ?"

"రోజూ చెవులతో వింటున్నా, ఇవాళ కళ్లారా చూద్దామని. ఆ అంచనాలేసేవాళ్లు ఏనాడైనా చేలో కాలు పెట్టారా? నువ్వా మాట ఇంకోసారి అను చాలు. కెఫేలో నన్ను వెక్కిరించే ఆ మిలో గాడి నోరు మూతపడాలి."

"అసలు సంగతేంటంటే మామయ్యా..."

"పోమ్మా, టైమైంది."

తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది. అద్దానికవతల లాడ్ టోపీ ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. నిజం చెబితే ఆయన పరువు, చెప్పకపోతే పంట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మూడు వారాల కింద నేను బుల్లిష్ అన్నాను," అంది మారెన్. "అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. ఆ సంతోషం నాది, మొక్కజొన్నది కాదు. తప్పు నాదే. పాత పంట ఉన్నవాళ్లు, ధర ఇంకా పడకముందే అమ్ముకోండి."

లాడ్ నవ్వు ఆగిపోయింది. టోపీ పెట్టుకుని, డబ్బా కుర్చీలోనే వదిలేసి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

పరుగెత్తి చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ కార్యక్రమం ఇంకా పన్నెండు నిమిషాలుంది. పందుల ధరలు చదవాలి. చదువుతూనే కిటికీలోంచి చూసింది. ఆయన ట్రక్కు నాలుగు రోడ్ల కూడలిలో ఆగింది. కుడికి తిరిగితే ఇల్లు, ఎడమకు ధాన్యం కొనే ఆఫీసు. వెనక వచ్చినవాడు హారన్ కొట్టాడు. అయినా కదల్లేదు.

చివరికి ట్రక్కు ఎడమ ఇండికేటర్ మిణుకుమంది.

గొంతులోకి ఎగదన్నుకొస్తున్న సంతోషాన్ని మారెన్ గట్టిగా అదిమిపట్టింది. లేకపోతే వినేవాళ్లు ఈసారి ఆమె పందుల మీద బుల్లిష్ అనుకోగలరు.