చేతులతో చెప్పిన ప్రసంగం

యాభై ఎనిమిదో ఏట సండేస్కూలు అక్క మళ్ళీ బడిలో చేరింది. ముప్పై ఏళ్ళుగా చర్చిలో పిల్లలకి పాఠాలు చెబుతోంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె సండేస్కూలు అక్కే. ఆమెని బడిబాట పట్టించింది మాత్రం పిల్లలు కాదు, ఆఖరి బెంచీలో కూర్చునే భార్యాభర్తలు. ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. అతను అచ్చాఫీసులో కాగితం కోసే మిషను మీద పని చేస్తాడు, ఆమె బట్టల కొట్టులో గుండీలు కుడుతుంది. తొమ్మిదేళ్ళుగా ఒక్క ఆదివారం తప్పకుండా వస్తారు. అందరూ లేస్తే లేస్తారు, అందరూ కళ్ళు మూస్తే మూస్తారు, వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళలో వాళ్ళతో తను చేసిందల్లా చెయ్యి కలిపి నవ్వడమేనని ఒకరోజు అక్కకి తట్టింది. సిగ్గేసింది.

ముందు పాస్టరు అయ్యగారి దగ్గరికే వెళ్ళింది.

"వాళ్ళ సైగల భాష మనమే నేర్చుకుందామండీ. మీరూ నాలుగు ముక్కలు నేర్చుకుంటే వాళ్ళ ప్రాణం ఎంత లేచొస్తుందో!"

అయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఈ వయసులో నేను కొత్తగా నేర్చుకునేదేముంటుందక్కా? ఏ కాలేజీకి పోయి పాస్టర్నయ్యాను? ప్రభువే నేర్పాడు. నీకు సరదాగా ఉంటే నేర్చుకో, నేనేం వద్దనను."

ప్రతి శనివారం అక్క రెండు బస్సులు మారి వినపడని పిల్లల బడికి వెళ్ళేది. అక్కడి పంతులమ్మకి పాతికేళ్ళు కూడా లేవు, ఆమెకీ వినపడదు. కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయిన అక్క వేళ్ళు ఒకటి చెప్పబోతే ఇంకొకటి చెప్పేవి. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే కోడలు నవ్వేది.

"నోటితో తిట్టింది చాలక చేతులతో కూడా మొదలెట్టారా అత్తయ్యా?"

"నీకు ఒక్క భాష ఎక్కడ సరిపోతుందే!"

కృప, క్షమ, ఓదార్పు. ఈ మూడూ తడబడకుండా రావడానికే రెండు నెలలు పట్టింది. పంతులమ్మ మరీ మరీ చెప్పిన నియమం ఒక్కటే: ఒకరి మాట ఇంకొకరికి చేర్చడానికి మధ్యలో నిలబడ్డవాళ్ళు సొంత మాట కలపకూడదు, ఉన్న మాట మింగకూడదు.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆ దంపతుల్ని ముందు బెంచీకి తీసుకొచ్చి ఎదురుగా నిలబడింది. మొదటి ప్రార్థన చేతులతో చెబుతుంటేనే భార్య కళ్ళు చెమర్చాయి.

ప్రసంగం మొదలైంది. తను లోపలికి వచ్చినప్పుడు లేచి నిలబడనివాళ్ళ గురించి అయ్యగారు పావుగంట చెప్పారు. వీధి చివరి కొత్త చర్చికి పోయినవాళ్ళ పిల్లలకి జబ్బులెందుకొస్తున్నాయో చెప్పారు. తను ఎన్ని రోజులు ఉపవాసమున్నారో చెప్పారు. కృప అన్న మాట ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని అక్క కాచుకుంది. రాలేదు. నేనే ఓ మంచి కథ అల్లి చెప్పేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది కూడా. నియమం గుర్తొచ్చి మానుకుంది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూ వచ్చిన మాటల్ని ఒక్కొక్కటిగా చేతుల్లోకి ఎత్తుకోవాల్సి వచ్చేసరికి ఆమెకి అవి మొదటిసారి నిజంగా వినపడ్డాయి. ముప్పై ఏళ్ళుగా తను తల ఊపుతూ కూర్చున్నది దీనికా?

అందరూ వెళ్ళాక భర్త చేతులతో అడిగాడు. "ఇవాళేనా, ప్రతివారం ఇంతేనా?"

అక్క ఉన్నదున్నట్టే చెప్పింది. "దాదాపు ఇంతే."

"ఆయన ఊగిపోతూ, కళ్ళు తుడుచుకుంటూ చెబుతుంటే ఎంత గొప్ప సంగతో అనుకునేవాణ్ణి. వారం వారం నేనే ఒకటి ఊహించుకుని ఇంటికెళ్ళి ఈమెకి చెప్పేవాణ్ణి."

"అవే బాగుండేవి," అంది భార్య.

మరుసటి ఆదివారం వాళ్ళు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అక్క ఇంటికి వెళ్తే టీ ఇచ్చారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు, మళ్ళీ రాలేమన్నారు.

అయ్యగారు కమిటీ ముందు ఆమెని నిలబెట్టారు. "పదేళ్ళు నోరెత్తకుండా కూర్చున్నవాళ్ళని ఒక్కపూటలో తరిమేశావు. అసలేం చెప్పావు వాళ్ళకి?"

"మీరు చెప్పిందే చెప్పానండీ."

కమిటీవాళ్ళు తలలు వంచుకునే తీర్మానం రాశారు. సండేస్కూలు ఇంకొకరికి అప్పగించారు.

రెండు నెలలకి పాస్టర్లందరికీ శిక్షణ సదస్సు పెట్టారు. నాయకుడన్నవాడు చివరి శ్వాస దాకా నేర్చుకుంటూనే ఉండాలి అన్నది అంశం. అక్క చేతులతో ప్రసంగం చెప్పిన ఆదివారం ఎవరో తీసిన ఫొటో సంఘం పత్రికలో పడటంతో, దాని మీద మాట్లాడమని అయ్యగారినే పిలిచారు. ఆయన అక్కకి ఫోన్ చేశారు.

"స్టేజీ మీద నా పక్కన నిలబడి చేతులు ఆడించాలి."

"వినపడనివాళ్ళు ఎవరైనా వస్తున్నారా అండీ?"

"ఎవరూ రారు. చూడ్డానికి బాగుంటుంది, అంతే."

ఒంట్లో బాగాలేదని చెప్పి అక్క ఫోన్ పెట్టేసింది. సదస్సు జరిగిన శనివారం ఎప్పటిలాగే బడికి వెళ్ళింది. చర్చిలో పని ఎలా సాగుతోందని, వాళ్ళు సంతోషించారా అని పంతులమ్మ ఉత్సాహంగా అడిగింది. చెప్పడానికి కావలసిన మాటలన్నీ అక్కకి వచ్చు. ఒళ్ళోంచి చేతులే లేవలేదు.