ఇరవై ఏడో ప్లాంటుకు బారసాల

ఈ ఉదయం మా కంపెనీ పెరటి గోడ దాటి వచ్చి, బట్టల దండెం దగ్గర ఆగి ఉంది. టేపు తీసి కొలుస్తాను. నిన్నటికంటే మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ. దండెం మీద ఆరేసిన నా చొక్కా జేబు మీద కంపెనీ ముద్ర అప్పుడే పడింది. దాన్నే తొడుక్కుని డ్యూటీకి వెళతాను. నడవాల్సిన దూరం తగ్గింది కదా, అదొక్కటే సుఖం.

నా పేరు పైడయ్య. ఈ కంపెనీ ఒక్క రేకుల షెడ్డుగా ఉండి, బ్లీచింగ్ పౌడర్ తప్ప మరోటి చేయడం తెలియని రోజుల్లో చేరాను. ఇప్పుడది కాస్టిక్ సోడా చేస్తుంది, రంగుల్లో కలిపే పొడి చేస్తుంది, లారీల బ్రేకు పట్టీలు చేస్తుంది, కొలుములకు వాడే ఇటుకలు చేస్తుంది. ఎవరూ ఏదీ కట్టడం లేదు. ఒక ప్లాంటు పక్కన ఇంకో ప్లాంటు మొలుస్తుంది. మొదట మోకాలెత్తు గొట్టం పైకి వస్తుంది. వారం తిరిగేసరికి మెట్లు, చిమ్నీ, క్యాంటీను వస్తాయి. క్యాంటీనులో టీ మాత్రం మొదటి రోజు నుంచీ నీళ్ళే.

మొలిచిన ప్లాంటుకు పేరు పెట్టనిదే అది నడవదు. ఆఫీసువాళ్ళు నంబరు ఇస్తారు గానీ, నంబరుకు ఏ యంత్రమూ పలకదు. అందుకని మేం బారసాల చేస్తాం. పసుపు రాస్తాం, మొదటి వాల్వుకు కాటుకతో దిష్టిచుక్క పెడతాం. అందరికంటే పాత మనిషి ఆ వాల్వుకు నోరు ఆనించి పేరు మూడుసార్లు చెప్పాలి. ఆ పాత మనిషిని నేనే. మూడోసారికి లోపల నీళ్ళు కదులుతాయి, పంపు తిరుగుతుంది, అందరం తలా ఇంత పంచదార నోట్లో వేసుకుంటాం.

ఇళ్ళల్లో పిల్లలకు పెట్టుకున్నట్టే మేమూ పోయినవాళ్ళ పేర్లే పెడుతున్నాం. కాస్టిక్ ప్లాంటు మా అమ్మ, అచ్చియ్యమ్మ. ఇప్పటికీ వాన వచ్చే ముందు సణుగుతుంది. బ్రేకు పట్టీల ప్లాంటు వెల్డరు దాలినాయుడి తాత. ఒకసారి ప్లాంటుకు ఇచ్చాక ఆ పేరుగల మనిషి మన దగ్గరికి రావడం మానేస్తాడు. కలలోకి రాడు, తద్దినం పెట్టినా కాకి వాలదు. పోయినవాళ్ళే కదా అని మేమెవరమూ పట్టించుకోలేదు.

ఇరవై ఆరు ప్లాంట్లతో మా పోయినవాళ్ళందరూ అయిపోయారు.

ఇరవై ఏడోది ఫైబర్ గ్లాస్ ప్లాంటు. పసుపు రాయడం అయ్యాక దాలినాయుడు నా చెవిలో, "ఎవులి పేరూ మిగల్లేదు బాబాయ్, నీ కాడ ఏటైనా ఉంటే సూడు," అంటాడు. నేను వంగి వాల్వుకు నోరు ఆనిస్తాను. వెనక రెండు వందల మంది చేతిలో పంచదార పట్టుకుని నిలబడి ఉన్నారు. నాలుక మీద వెతుకుతాను. మడత విప్పని చీరలా ఒక పేరు దొరుకుతుంది. ఎవరిదో ఆలోచించకుండా మూడుసార్లు చెప్పేస్తాను. ఏ ప్లాంటూ ఇంత హాయిగా పలకలేదు. పంచదార కరిగాక గుర్తొస్తుంది, అది నా భార్య పేరని.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ పేరుతో నేను ఆమెను ఒక్కసారీ పిలవలేదు. పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. 'ఇదిగో' అంటాను, కోపం వస్తే 'ఒసే' అంటాను. ఆ పేరు శుభలేఖ మీద ఒకసారి చదివాను, అంతే. వాడకంలో లేదు కనుక అది పోయినవాళ్ళ పేర్లలో కలిసిపోయి ఉంది. ఇక్కడ కూడా ఇప్పుడే రాయను. రాస్తే సైరన్ మోగుతుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు పిండి అంటుకుని ఉంది.

"నన్నెవులో పిలిసినట్టయింది మావా," అంటుంది.

"ఎక్కడి నుంచి?"

"ఆ ప్లాంటు కాడ నుంచి. మూడుపాలులు. బలే పిలిసినారు."

జరిగింది చెబుతాను. తిడుతుందనుకుంటాను. తిట్టినా బాగుండేది.

"ఎలాగ పిలిసినావు? ఓపాలి నన్నూ అలాగే పిలు," అంటుంది.

పిలుస్తాను. గోడ అవతల ఇరవై ఏడో ప్లాంటు సైరన్ వేస్తుంది. ఆమె పలకబోయి, నోరు మూసుకుంటుంది.

"బాగుంది," అని పిండి చేతులు చూసుకుంటుంది.

మర్నాటి నుంచి ఆమెను పిలవడానికి నాకు ఏ మాటా పనిచేయదు. 'ఇదిగో' అంటే కుర్చీ తిరుగుతుంది, పక్కింటాయన తిరుగుతాడు, ఆమె తిరగదు. రేషన్ కార్డులో ఆమె గడి ఖాళీ అయింది. బొట్టు పెట్టుకుంటే అది నుదుటి మీద కాక అద్దం మీద నిలుస్తుంది. ఆమె ఆ బొట్టుకు ఎదురుగా తల సరిచేసుకుని కూర్చుంటుంది. నాకు ఏడుపు వస్తుంది. ఏడుస్తాను కూడా.

పర్సనెల్ మేనేజర్ శేషగిరి గారి దగ్గరికి వెళతాను. కంపెనీతో పాటు ఆయన గది కూడా పెరుగుతోంది. తలుపు నుంచి బల్ల దాకా ఇరవై నిమిషాలు పడుతుంది.

"ఆ పేరు వెనక్కి ఇప్పించండి సార్. మా ఇంటావిడది."

"ఆవిడదని రుజువేముంది? మీరు ఆ పేరుతో పిలిచేవారా?"

"లేదు సార్."

"మీ అమ్మగారు?"

"కోడలా అనేది."

"వాళ్ళ నాన్న?"

"అమ్మీ అనేవాడు."

"ఊళ్ళోవాళ్ళు?"

"పైడయ్య పెళ్ళాం అనేవారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. చెడ్డవాడేం కాదు. "మరి మొదటిసారి ఆ పేరుతో పిలిపించుకున్నది మా ప్లాంటే కదా, పైడయ్యా. ఎంత బాగా నడుస్తోందో చూడండి. ఎవరైనా పిలుస్తారేమోనని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్న పేరులా ఉంది. పైపు వేసి మిగతా ప్లాంట్లన్నిటికీ ఈ పేరే పంపిద్దామనుకుంటున్నాం."

ఆయన అన్నది నిజం.

"పేరు ఆ ప్లాంటు లోపలే ఉంటుంది. ఆవిడే వెళ్ళి తెచ్చుకుంటానంటే పర్మిట్ ఇస్తాను," అంటాడు.

ప్లాంటు ట్యాంకులోకి మనిషి దిగితే బయట, మ్యాన్‌హోల్ దగ్గర, ఒకడు కాపలా ఉండాలి. పది నిమిషాలకోసారి పేరుపెట్టి పిలవాలి. లోపలి మనిషి 'ఆఁ' అనాలి. అనకపోతే తాడు లాగాలి. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఒక్క మనిషినీ పోగొట్టలేదు. అందుకే ధైర్యంగా ఆమెను తీసుకెళతాను.

పర్మిట్ మీద పేరు రాసే చోట దాలినాయుడు పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగుతాడు. చివరికి ఖాళీ వదిలేసి సంతకం చేస్తాడు. ఆమె నడుముకు తాడు కట్టి ముడి బిగిస్తాను. ముడి బిగుస్తుంది గానీ అందులో ఏమీ లేదు.

"అన్నం వార్చేసాను. తొరగానే వచ్చేత్తాను మావా," అంటుంది. కొంగు బొడ్లో దోపుకుని లోపలికి దిగుతుంది.

పది నిమిషాలకు పిలుస్తాను. సైరన్ మోగుతుంది. ఆ మోతలో ఆమె 'ఆఁ' అందో లేదో వినపడదు. మళ్ళీ పది నిమిషాలకు పిలుస్తాను. మళ్ళీ సైరనే. తాడు లాగితే తేలిగ్గా మొత్తం నా చేతిలోకి వచ్చేస్తుంది.

పిలవడం ఆపేస్తే బయట ఎటు ఉందో ఆమెకు తెలియదు. పిలిస్తే ప్లాంటు పలుకుతుంది. అందుకని పిలుస్తూనే ఉన్నాను. ఎన్ని షిఫ్టులు మారాయో లెక్క లేదు. కంపెనీ మా ఇంటిని దాటి రోడ్డు మీదికి పెరిగింది. శేషగిరి గారు చెప్పిన పైపు మిగతా ప్లాంట్లన్నిటి దాకా వెళ్ళింది. మా వంటిల్లు ఇప్పుడు లోపల, రెండు పంపుల మధ్య ఉంది. దాలినాయుడు వెళ్ళి చూసి వచ్చాడు. వార్చిన అన్నం ఇంకా వేడిగానే ఉందట.

ఈ రోజు మ్యాన్‌హోల్లోంచి తెల్లటి నార బయటికి వస్తోంది. ఫైబర్ గ్లాస్ అయితే చేతులకు గుచ్చుకోవాలి. ఇది గుచ్చుకోవడం లేదు. కొబ్బరినూనె వాసన వేస్తోంది. స్టూలు లాక్కుని కూర్చుని అల్లడం మొదలుపెడతాను. జడ అల్లడం నాకు రాదు, మూడు పాయలని మాత్రం తెలుసు. వదులైన చోటల్లా విప్పి మళ్ళీ అల్లుతాను. జడ గేటు దాటుతుంది, బైపాస్ రోడ్డు దాటుతుంది. లారీలు ఆగి, అది దాటే వరకూ ఇంజన్లు ఆపుకుంటాయి. దాలినాయుడు కనకాంబరాల మాల తెచ్చిస్తాడు, ఎక్కడ తురమాలో మా ఇద్దరికీ తెలియదు.

పది నిమిషాలు అవుతుంది. మ్యాన్‌హోల్లోకి తల పెట్టి పిలుస్తాను.

"నూకరత్నం."

ఈసారి సైరన్ మోగదు. ఇరవై ఏడు ప్లాంట్లూ చేస్తున్న పని ఆపుతాయి. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అన్నీ ఒకేసారి నా వైపు తిరుగుతాయి. అందులో మా ఆవిడ ఎవరో నాకు తెలియదు.