పోశవ్వ చెప్పే సీరియల్

శారదకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏ సంగతైనా సగం తెలిస్తే, మిగతా సగం తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. కోరుట్లలో పెళ్లికి ముందు పక్కింట్లో గిన్నె కింద పడినా ఎందుకు పడిందో కనుక్కుని వచ్చేది. "నీకు అందరి ముచ్చట్లు గావాలె. రేపు అత్త నీ నోరు మూయిస్తది తియ్" అని తల్లి దెప్పేది. తీరా సిరిసిల్ల కోడలై వస్తే అత్తకు ఆ పనే లేకపోయింది. ఆ ఇంట్లో ఎవరు నోరు తెరిచినా ఎవరికీ వినపడదు.

ముందొక గది, పక్కన వంటిల్లు, వెనక రేకుల షెడ్డులో సాంచాలు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. పొద్దున మొదలైతే కరెంటు పోతే తప్ప అవి ఆగవు. గోడకు వేలాడే క్యాలెండరు కూడా వాటితో పాటు ఊగుతుంటుంది. మామ వెంకటి మీసాలు రాకముందు నుంచీ ఆ చప్పుడులోనే బతికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. కొత్తలో శారద ఆయనతో అరిచి అరిచి మాట్లాడి గొంతు పోగొట్టుకుంది. ఎదురుగా నిలబడి పెదాలు నిదానంగా కదిపితే చాలని తర్వాత అత్త పోశవ్వ నేర్పింది.

ఆ అత్త కోసం, ఆమె చెప్పే సీరియల్ కోసం శారద పొద్దంతా ఎదురుచూసేది.

సాయంత్రం సీరియల్ వేళకు వెంకటి సాంచాలను కొడుకు వేణుకు అప్పజెప్పి, ఒంటి మీది దూది దులుపుకుని వచ్చి, చాయ గ్లాసుతో టీవీ ముందు కూర్చుంటాడు. పోశవ్వ టీవీ పక్కనే, స్పీకరుకు చెవి ఆనించినంత దగ్గరగా కూర్చుంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు వాటి పాటికవి బీడీలు చుడుతుంటాయి. టీవీలో ఒకరు ఒక మాట అనగానే మొగుడి వైపు తిరిగి, పెదాలు పెద్దగా కదుపుతూ, చేతులు ఖాళీ లేవు గనుక కనుబొమలతో సైగలు చేస్తూ చెబుతుంది. మళ్లీ అదే మాటను కోడలి చెవిలో అరుస్తుంది. టీవీ ఏం చెప్పినా ఆ ఇంటికి పోశవ్వ నోటి గుండానే రావాలి.

కథ పెద్దదేమీ కాదు. ఒక బంగళా, అందులో శాలువా ఆయన. తింటున్నా శాలువా తీయడు, ఎండాకాలమైనా తీయడు గనుక పోశవ్వ ఆయనకు ఆ పేరు పెట్టింది. ఆయన కూతురు తనకు నచ్చినవాణ్ని చేసుకుని వెళ్లిపోయింది. ఆయన తలుపు మూసేశాడు. అయితే పోశవ్వ చెబుతుండగా రోజు రోజుకూ ఆయన మెత్తబడుతున్నాడు. కూతురి గది తాళం తీయించాడు. ఆమెకు నెల తప్పిందని తెలిసి దేవుడి ముందు దీపం పెట్టాడు. ఒకరోజు కారెక్కి ఆమె ఇంటిదాకా వెళ్లాడు. అక్కడ గేటు దగ్గర నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. సీరియల్ అన్నాక సాగదీయకుండా ఎలా ఉంటుందని శారద కూడా ఓపిక పట్టింది.

ఇంతలో తల్లికి జ్వరమని తెలిసి కోరుట్ల వెళ్లింది. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, తల్లితో పాటు అదే సీరియల్ చూసింది. ఎన్నాళ్ల తర్వాతో టీవీ మాట్లాడుతుంటే విన్నది. శాలువా ఆయన ఏ గేటు దగ్గరా లేడు. బంగళాలోనే ఉన్నాడు. కూతురి ఫొటోలు పెరట్లో పారేయిస్తున్నాడు. వేరే సీరియలేమో అనుకుంది. కానీ శాలువా అదే.

"అవ్వా, గీయన బిడ్డ ఇంటికి పోయిండు గదనే?" అని తల్లిని అడిగింది.

"ఎవడు, వాడా? వాడు సచ్చినా పోడు. బిడ్డ పేరెత్తితె ఇంట్లకెల్లి ఎల్లగొడ్తనంటుండు. నీకెవలు చెప్పిండ్రు పోయిండని?"

"మా అత్త."

"మీ అత్తకు గూడ చెవులు పోయినయా ఏంది?"

ఇక శారదకు నిద్ర పడితే ఒట్టు. అత్తకు వినపడక ఏదో ఒకటి అల్లుతోందా? అలాగైతే ఇంత వరసగా, ఇంత పొందికగా ఎలా అల్లుతుంది? తెలిసే అల్లుతుంటే ఎందుకు? తల్లికి జ్వరం తగ్గీ తగ్గకముందే సిరిసిల్ల బస్సెక్కింది. ఇంత తొందరెందుకని తల్లి అడిగితే, వేణుకు వంట చేసేవాళ్లు లేరని అబద్ధమాడింది. వేణు ఆ వారమంతా తల్లి చేతి వంట తిని కాస్త ఒళ్లు చేశాడు.

ఆ సాయంత్రం శారద కూడా చాట పట్టుకుని స్పీకరు దగ్గరికి జరిగి కూర్చుంది. సాంచాల చప్పుడులోంచి చెవి పెట్టి వింటే మాటలు తెలుస్తూనే ఉన్నాయి. "ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు" అంటున్నాడు శాలువా ఆయన. పోశవ్వ మొగుడి వైపు తిరిగింది.

"గేటు తీద్దామంటె చేతులు వస్తలేవంటుండు. కాళ్లు వణుకుతున్నయంట."

వెంకటి తలాడించి చాయ తాగాడు. పోశవ్వ కోడలికి చెబుదామని ఇటు తిరిగి, ఆమె చెవి ఎక్కడుందో చూసింది. ఏనాడూ ఆగని ఆ చేతులు ఆగిపోయాయి. ఆకు సగం చుట్టి అలాగే వదిలేసింది.

మర్నాడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వాడంతా సాంచాలు ఆగాయి. వెంకటి, వేణు బజారుకు వెళ్లారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అత్తాకోడళ్లిద్దరికీ కొత్తగా ఉంది. శారద అడగనే లేదు. పోశవ్వే ఆకు కత్తిరిస్తూ మొదలుపెట్టింది.

"మంజుల సంగతి ఎర్కేనా నీకు?"

ఎరుకే, కానీ సగమే. జగిత్యాలలో ఒక ఆడబిడ్డ ఉందని, వేణుకు అక్క అని, సెల్‌ఫోన్ల దుకాణం నడిపే వేరే కులం పిల్లగాణ్ని చేసుకుందని, గడప తొక్కొద్దని వెంకటి అన్నాడని వేణు ఒకసారి చెప్పాడు. శారద పెళ్లికి కూడా ఆమెను పిలవలేదు.

"ఇప్పుడు దానికి ఎనిమిదో నెల. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల కావాలె. తండ్రి పోయి తోలుకరావాలె. తొమ్మిది పడితె ఇగ బస్సు ఎక్కనియ్యరు. మీ మామకు ఎన్నోతీర్ల చెప్పి చూసిన. దాని పేరెత్తితె లేసి సాంచాల్లకు పోతడు. అక్కడికి పోయి ఎట్ల చెప్పాలె నేను? అందుకే శాలువా ఆయనను పట్టుకున్న."

శారదకు నవ్వొచ్చింది. వెంటనే అత్త ముఖం చూస్తే ఏడుపొచ్చింది.

"మరి గేటు కాడనే ఎందుకు నిలవెట్టినవత్తా? లోపటికి పంపరాదు?"

"పంపితె ఏదో ఒకటి అనాలె గదనే. మొదటి మాట ఏమంటడు? గదే తోస్తలేదు. గసోంటి మనిషి బిడ్డ ముందర ఏమని నోరు తెరుస్తడో, గిన్నేండ్లు కాపురం చేసినా నాకు తెల్వకపాయె."

ఆ రోజు నుంచి ఆ బెంగ శారదది కూడా అయింది. మొదటి మాట ఏమంటాడు? వేణును అడిగింది. "మా బాపా? కరెంటున్నదా పోయిందా అంటడు" అన్నాడు వేణు. అతణ్ని అడగడం తనదే తప్పనుకుంది.

అలా ఉండగా ఒక పొద్దున వెంకటి వాకిట్లో నిలబడి చాయ తాగుతూ తనలో తాను నవ్వాడు. రోడ్డవతల హోటల్ ముందు అదే వాడలో ఉండే రాజమల్లు ఇంకొకాయనతో మాట్లాడుతున్నాడు. చెవులున్న శారదకే ఒక్క ముక్క వినపడలేదు.

"ఏమైంది మామా?" అని ఎదురుగా వచ్చి అడిగింది.

"రాజమల్లు వాళ్ల బామ్మర్దిని తిడుతుండు. బండి అడుక్కపోయి పెట్రోల్ లేకుంట తెచ్చిచ్చిండట."

"గంత దూరంది ఎట్ల తెలిసె?"

"మూతి చూస్తె తెల్వదా? సాంచాల్ల పెరిగినోళ్లకు చెవులెందుకు?"

శారద అక్కడే నిలబడిపోయింది. రోడ్డవతలి మూతి చదివే మనిషి, రోజూ నాలుగడుగుల దూరంలో టీవీ చూస్తున్నాడు. శాలువా ఆయన ముఖం తెర నిండా కనపడుతుంది. ఆయన ఏమంటున్నాడో ఈయనకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ పోశవ్వ చెప్పిందానికి తలాడిస్తున్నాడు. తెలిసీ రోజూ "ఏమంటుండు?" అని అడుగుతున్నాడు. ఎందుకు అడుగుతున్నట్టు? అత్తకు చెబితే ఆమె ఉన్న ఆశ కూడా వదులుకుంటుందేమోనని భయపడి, మొదటిసారి ఒక సంగతిని కడుపులో దాచుకుంది. ఆమెకు అదెంత కష్టమో కోరుట్ల వాళ్లకు తెలుసు.

ఆ వారంలోనే పోశవ్వకు బోయినపల్లిలో చెల్లెలి మనవరాలి ఫంక్షన్ పడింది. పొద్దున పోతే మర్నాటికి గానీ రాదు. పోతూ పోతూ కోడలిని వంటింట్లోకి లాగింది.

"ఇయ్యాల నువ్వు చెప్పు. గేటు కాడనే ఉంచు. లోపటికి మాత్రం పంపకు."

సాయంత్రం శారద అత్త చోట్లో కూర్చుంది. వెంకటి చాయ గ్లాసుతో వచ్చాడు. సీరియల్లో ఎవరో వచ్చి, నీ కూతురు కడుపుతో ఉందయ్యా, ఒక్కసారి చూసి రా అని బతిమాలుతున్నారు. శాలువా ఆయన శాలువా సర్దుకుని, "నాకు కూతురే లేదు, మనవడెక్కడి నుంచి వస్తాడు?" అన్నాడు.

"ఏమంటుండు?" అన్నాడు వెంకటి. వినపడనివాళ్లు మాట్లాడినట్టే, అవసరానికి మించి గట్టిగా.

శారదకు మింగలేక కక్కలేక అయింది. గేటు, వణికే కాళ్లు, అన్నీ నోటి చివరి దాకా వచ్చాయి. మామ ముఖం చూసింది. తెలియక అడిగే ముఖం కాదది. తెలిసినవాడికి అబద్ధం చెప్పడానికి ఆమెకు పెదాలు రాలేదు.

"నాకు బిడ్డ లేదంటుండు మామా."

వెంకటి టీవీ వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"గేటు కాడికి పోలేదా?"

"పోలే. ఒక్కనాడు గూడ పోలే."

ఆయన చాయ గ్లాసు కింద పెట్టాడు. సగం అలాగే ఉంది. లేచి సాంచాల్లోకి వెళ్లిపోయాడు. అత్త ఇన్నాళ్లు పోగేసినదంతా ఒక్క మాటతో నీళ్లపాలు చేశాననుకుంది శారద. వంటింట్లోకి పోయి, కూర మాడుతున్నా చూసుకోకుండా ఏడ్చింది.

తెల్లారి వెంకటి తలస్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. కోడలిని పిలిచాడు.

"శారదా, జగిత్యాల పోవాలె. నువ్వు గూడ నడువు. కండక్టర్ ఏమన్న అడిగితె నాకు ఇనరాదు."

రోడ్డవతలి మూతి చదివేవాడికి కండక్టర్ మూతి చదవరాదా అని శారద అడగలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

బస్సులో ఆయన ఆమె పక్కనే కూర్చున్నాడు. వేములవాడ దాటాక చూస్తే, కిటికీ వైపు తిరిగి ఉన్నాడు గానీ పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఏదో ఒక మాట అనుకోవడం, బాగాలేదని తల అడ్డంగా ఊపడం, మళ్లీ ఇంకొకటి అనుకోవడం. శారద మెడ చాచి చాచి చూసింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అంతసేపు అంత దగ్గరగా కూర్చుని తెలుసుకోలేకపోవడం ఆమెకు పెద్ద శిక్షే అయింది.

జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం వెనకే ఇల్లు. తలుపు తీసింది మంజుల అత్త. ఆమె ఎవరు కావాలని అడిగేలోపే మంజుల వెనక నుంచి వచ్చింది. నిండు కడుపు మీద చేయి వేసుకుని గడప అవతలే ఆగిపోయింది. వెంకటి గడప ఇవతల ఉన్నాడు.

శారద ఒక అడుగు ముందుకు జరిగింది. మొదటి మాట ఇప్పుడు వస్తుంది.

వచ్చింది, కానీ వినపడలేదు. వెంకటి పెదాలు మాత్రమే కదిలాయి. మంజుల కూడా గొంతు ఎత్తకుండా పెదాలతోనే జవాబు చెప్పింది. సాంచాల మధ్య పెరిగిన పిల్ల మరి. ఆయన ఇంకేదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఏదో అన్నది. ఆయన మళ్లీ ఒక మాటన్నాడు. మంజుల కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయి ఏడ్చింది. మధ్యలో నిలబడిన వాళ్లత్త అటూ ఇటూ చూసి, ఏమీ తెలియక శారద వైపు చూసింది. శారద పరిస్థితీ అదే.

అప్పుడు వెంకటి వీధంతా వినపడేలా అన్నాడు.

"బట్టలు సర్దుకో బిడ్డా, బస్సు పోతది."

"తోలుకపోండ్రి అన్నా, మీరెప్పుడొస్తరా అని చూస్తున్నం" అంటూ మంజుల అత్త మంచినీళ్లకు లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సులో వెంకటి ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో వదినా మరదళ్లు. కొత్త మనిషిని వచ్చీ రాగానే అడగొచ్చో లేదో అని శారద కొండగట్టు దాకా ఆగింది. ఇక ఆగలేకపోయింది.

"వదినె, ఏమనుకోకు. మామ ముందుగాల ఏమన్నడు?"

మంజుల కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"సీరియల్ చూస్తున్నవా అన్నడు."

శారద నోరు తెరిచింది, మూయలేదు.

"చూస్తున్న బాపూ అన్న. మరి గా శాలువా ఆయన బిడ్డ ఇంటికి అచ్చిండా అని అడిగిండు. రాలే, వాడు రానే రాడు అన్న."

"గప్పుడేమన్నడు?"

మంజుల ముందు సీట్లోని తెల్లచొక్కా వైపు చూసింది. పెదాలతోనే చెప్పింది. ఈసారి శారదకు ప్రతి ముక్కా అర్థమైంది.

"వాడు రాకుంటె పాయె బిడ్డా, నేనచ్చిన గదా."