గడప దాటిన నల్ల బిళ్ళ

నేను ఒక పక్‌ను. పేరు విని ఎవరో దొరగారిననుకోకండి. అరచేతిలో ఇమిడే గుండ్రటి నల్ల రబ్బరు బిళ్ళను. మంచు మీద ఆడే ఐస్ హాకీలో బంతి ఉండదు, దాని బదులు నేనుంటాను. బంతికి దొర్లే రోగం ఉంది కాబట్టి మంచు మీద దాన్ని ఎవరూ నమ్మరు. నేను బల్లపరుపుగా ఉంటాను, కొడితే జారుకుంటూ పోతాను. ఆడేవాళ్ళందరికీ నేనంటే ప్రాణం. ఆ ప్రేమనంతా కర్రలతో కొట్టి చూపిస్తారు.

పుట్టింది మాత్రం వేడిలోనే. ఎండ దేశపు రబ్బరు చెట్టు పాలు, కాస్త మసి, కాస్త గంధకం కలిపి అచ్చులో పోసి ఉడికించారు. చల్లారి బయటికి వచ్చేసరికి నాలాంటివాళ్ళు వరసగా వందల మంది ఉన్నారు. తోబుట్టువులను గుర్తుపట్టే తీరిక కూడా లేకుండా మమ్మల్ని పెట్టెల్లో సర్దేశారు. పాత కర్రలు, వాడేసిన స్కేట్లు నింపిన ఒక దానపు సంచిలో నన్నెవరో పడేయడంతో చివరికి లడఖ్ చేరాను.

అక్కడ లేహ్‌కు అవతల ఒక ఊళ్ళో బార్లీ పొలాల పక్కన చెరువు ఉంది. చలికాలం వచ్చిందంటే అది గడ్డకట్టి రింక్ అయిపోతుంది. ఆడే మైదానాన్ని రింక్ అంటారు. చుట్టూ చెక్కలు పాతి గోడ కడతారు. పక్ దానికి తగిలి తిరిగొచ్చినా ఆట ఆగదు. ఆ ఊరి ఆడపిల్లల జట్టుకు గోలీ డోల్మా. గోలీ అంటే గోల్ కాచే మనిషి. నా మొదటి యజమానురాలు ఆవిడే. ఆటకు ముందు నన్ను మంచు నింపిన బకెట్‌లో పాతిపెట్టేది. వెచ్చగా ఉంటే రబ్బరు బుద్ధి పోనిచ్చుకోక ఎగిరెగిరి పడతానట. ఒళ్ళు బిగుసుకునేదాకా చల్లబడితేనే చెప్పినట్టు వింటాను. ఈ పద్ధతి మనుషుల మీద కూడా ప్రయోగిస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఆట మొదలయ్యే తీరు చూడముచ్చటగా ఉంటుంది. రెండు జట్ల నుంచి ఒక్కొక్కరు ఎదురెదురుగా వంగి నిలబడతారు. రెఫరీ నన్ను వాళ్ళ మధ్య జారవిడుస్తాడు. దాన్ని ఫేస్ఆఫ్ అంటారు. నేను కింద పడేలోపే రెండు కర్రలు ‘నాదంటే నాదని’ కొట్లాడుకుంటాయి. జట్టుకు గోలీ గాక అయిదుగురు. అలసిపోయినవాళ్ళు ఆట సాగుతుండగానే గోడ దాటి బెంచీ మీదికి వెళ్తే వేరేవాళ్ళు దూకి వస్తారు. తప్పు చేసినవాళ్ళు పెనాల్టీ పెట్టెలో కాసేపు కూర్చోవాలి. అక్కడ కూర్చున్న ఎవరి ముఖం చూసినా తప్పు రెఫరీదే అన్నట్టుంటుంది.

ఒక జనవరిలో విశాఖపట్నం నుంచి అమ్మాయిల జట్టు పోటీలకు వచ్చింది. సముద్రం పక్కన మంచెక్కడిది? వాళ్ళు చక్రాల స్కేట్లు కట్టుకుని సిమెంటు మీద హాకీ ఆడుకునేవాళ్ళు. ఉప్పుగాలికి చక్రాల బేరింగులు తుప్పు పడితే కొబ్బరినూనె పోసి తిప్పుకునేవాళ్ళు. ఆ అలవాటుతోనే ఏటా చలికాలం చక్రాలు విప్పి బ్లేడ్లు తగిలించుకుని లడఖ్ వచ్చి, ఓడి, ముక్కులు కార్చుకుంటూ తిరిగి వెళ్ళేవాళ్ళు. ఇన్నేళ్ళలో మంచు మీద ఒక్క గోల్ కూడా కొట్టలేదు. వాళ్ళ గోలీ గౌరీశ్వరి. బడిలో డ్రిల్లు టీచరు. కిందటి శ్రావణంలోనే పెళ్ళయి గాజువాకలో కాపురం పెట్టింది.

అప్పటికి నాకు తెలుగు రాదు. ఆ రోజు మాటలన్నీ తర్వాత గౌరి ఇంట్లో మళ్ళీ మళ్ళీ విని నేర్చుకున్నవే. ఈసారి ప్రయాణానికి ముందు డాక్టరు ఆమె మోకాళ్ళు చూసి, ఇంకో చలికాలం ఇలాగే వంగితే మెట్లెక్కడం కూడా కష్టమేనని చెప్పాడట. ఇంటికొచ్చి అత్తగారు నూకరత్నంతో చెప్పింది. “ఒక్క గోల్ చూసీసి మానేస్తాను అత్తా. మనవాళ్ళు కొట్టిన గోల్ ఒక్కటి.” నూకరత్నం బట్టల్లో చల్లమిరపకాయల పొట్లం సర్దుతూ, “నువ్వు కొట్టవేటే మరి?” అని అడిగింది. “నేను కొట్టేదాన్ని కాదత్తా, కాచేదాన్ని,” అంది గౌరి. ఇన్నేళ్ళుగా తను ఆపినవీ ఆపలేకపోయినవీ అన్నీ తన ముందే జరిగాయి. అవతలి గోల్ గూటిలో పక్ పడితే ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.

ఆఖరి మ్యాచ్ డోల్మా జట్టుతోనే పడింది. మధ్యాహ్నమైతే ఎండకు మంచు మెత్తబడుతుందని పొద్దున్నే మొదలుపెట్టారు. ఆట మూడు భాగాలు, ఒక్కో భాగాన్ని పీరియడ్ అంటారు. మొదటి పీరియడ్‌లో విశాఖ అమ్మాయిలు భయపడి నన్ను తమ వైపు నుంచే బలంగా కొట్టి పారేశారు. మధ్య ఎర్రగీత దాటకుండా అలా కొడితే, ఎవరికీ తగలకుండా నేను అవతలి చివరికి పోతే, అది ఐసింగ్. విజిల్ వేసి నన్ను మళ్ళీ వాళ్ళ గోల్ దగ్గరికే తెచ్చి ఫేస్ఆఫ్ పెడతారు. గండాన్ని ఇంట్లోంచి వీధిలోకి గెంటేస్తే పెరటిగుమ్మంలోంచి మళ్ళీ వచ్చినట్టన్నమాట. పాపం గౌరి మోకాళ్ళ మీద కూలబడుతూ లేస్తూ ఎన్నిటిని ఆపిందో. నేను ఆమె పొట్టకు తగిలాను, భుజానికి తగిలాను, ఒకసారి ముఖం మీది జాలీకి కూడా తగిలాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ నాకది మనసులో మెదులుతూనే ఉంటుంది.

రెండో పీరియడ్‌లో వింత జరిగింది. విశాఖ జట్టులో ఝాన్సీ అని పందొమ్మిదేళ్ళ పిల్ల. గాలికన్నా ముందుంటుంది. అదే ఆమె జబ్బు కూడా. వెనకనుంచి కాపు కాసే రూతు నన్ను పొడుగ్గా అందించింది. నేను చేరేసరికి ఝాన్సీ అప్పటికే గోల్ ముందు నిలబడి ఉంది. ఒక్క దెబ్బ! డోల్మా కాళ్ళ మధ్యనుంచి వెళ్ళి వలలో పడ్డాను. ఝాన్సీ కేకలు, రూతు కేకలు. అవతలి చివర గౌరి కర్ర పారేసి రెండు చేతులూ పైకెత్తి, కాళ్ళకు కట్టుకున్న ఆ బరువైన మెత్తలతోనే గెంతడం మొదలుపెట్టింది.

కానీ విజిల్ ఎప్పుడో మోగింది. శిరస్త్రాణాల్లో వీళ్ళకు వినపడలేదు, అంతే. రెఫరీ నీలిగీత వైపు చెయ్యి చూపించాడు. ఆఫ్‌సైడ్. గోల్ చెల్లదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అయింది వాళ్ళ పని. గౌరి చేతులు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగాయి. ఆమె వంగి కర్ర తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నాకు అంత దుఃఖం ఎన్నడూ కలగలేదు.

మూడో పీరియడ్‌కు ముందు చెక్క షెడ్డులో కూర్చున్నారు. రెఫరీ మా బకెట్‌ను కూడా అక్కడే ఒక మూల పెట్టాడు. ఎవరో వెన్న వేసిన ఉప్పు టీ ఇచ్చారు. ఝాన్సీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. కోచ్ దాలినాయుడు పలక మీద గీతలు గీసి చెబుతున్నాడు. “చక్రాల ఆటలో ఈ నీలిగీత లేదు కాబట్టి మీకు అలవాటు లేదు. అవతలివాళ్ళ వైపు నీలిగీతను పక్ దాటకముందు మనం దాటకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ?”

“ఏటి సార్, కాళ్ళు చూసుకోవాలా, పక్ చూసుకోవాలా, గీత చూసుకోవాలా?” అని ఝాన్సీ ఏడుపు గొంతుతో అడిగింది. “నా వల్లే పోయింది సార్. అక్కకిది ఆఖరాట.”

గౌరి మోకాళ్ళకు మంచుగడ్డలు అద్దుకుంటోంది. తలెత్తి చూసి నవ్వింది. “ఇలా రాయే ఝాన్సీ. నా పెళ్ళికి వచ్చావు కదా. గాజువాకలో మా అత్తింటి గడప మీద బియ్యం గిన్నె ఎవరు పెట్టారు?”

“నేనే కదక్కా.”

“నేనేం చేశాను?”

ఝాన్సీకి ఏడుపులోనూ నవ్వొచ్చింది. “గబగబా గడప దాటబోయావు. మీ అత్త నీ రెక్క పట్టుకుని ఆపీసింది.”

“ఏమంది?”

“ఆగమ్మా, బియ్యం ముందు, కోడలు తర్వాత, అంది.”

“మరంతే,” అంది గౌరి. “నీలిగీత గడప. పక్ బియ్యం గిన్నె. కుడికాలితో గిన్నెను తోస్తే ముందు బియ్యం లోపల పడాలి, ఆ తర్వాతే నువ్వు. అంతవరకూ గడప బయటే నిలబడు. ఎవరు పిలిచినా సరే.”

దాలినాయుడు పలక మీద గీతలన్నీ చేత్తో చెరిపేసి, “పదండి. బియ్యం ముందు,” అన్నాడు. నవ్వుకుంటూ లేచారు. నాకేమీ అర్థం కాలేదు. మంచులో ముఖం పెట్టుకుని, వీళ్ళకు పిచ్చెక్కిందనుకున్నాను.

మూడో పీరియడ్‌లో రింకంతా ఒకటే కేక. నేను గీత దాటగానే రూతు “బియ్యం!” అని అరుస్తోంది. అప్పటిదాకా ఝాన్సీ గీత బయట బ్లేడ్లు అడ్డం తిప్పి, మంచు పొడి లేపుతూ ఆగుతోంది. చక్రాల మీద పెరిగిన పిల్లకు అలా ఆగడం ఎంత కష్టమో నేను దగ్గరనుంచి చూశాను. లడఖ్ అమ్మాయిలు ఇదేదో రహస్య మంత్రమనుకుని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అయినా గోల్ పడలేదు. డోల్మా మంచి గోలీ. అవతల అయిదు గోల్స్, ఇవతల సున్నా. ఆట ముగింపుకు వచ్చేసింది.

ఈ ఆటలో ఒక విచిత్రమైన తెగింపు ఉంది. ఓడిపోయే జట్టు తన గోలీని బెంచీకి పిలిచేసి, ఆమె బదులు ఇంకో ఆటగత్తెను దాడికి దింపుతుంది. గూడు ఖాళీ. అయిదు తింటే ఎంత, ఆరు తింటే ఎంత అనుకుని దాలినాయుడు గోడ మీద వాలి, “గౌరీ! వచ్చీయమ్మా!” అని కేకేశాడు.

సరిగ్గా అప్పుడే నేను గౌరి మీదికి దూసుకొస్తున్నాను. ఆమె మోకాళ్ళ మీద పడి నన్ను ఆపింది. కర్రతో మెల్లగా, అన్నం ముద్ద అందించినట్టు, రూతుకు అందించింది. లేచి ఖాళీ గూటి వైపు ఒక్కసారి చూసింది. ఇన్నేళ్ళూ విడవని చోటు అది. తర్వాత బెంచీ వైపు కుంటుతూ జారడం మొదలుపెట్టింది. ఆమె బెంచీ చేరితే గాని రెండో మనిషి దిగకూడదు. కోచ్ రమ్మని చేతులూపుతూనే ఉన్నాడు.

రింకు సగానికి వచ్చి గౌరి ఆగిపోయింది. ఎందుకంటే రూతు నన్ను కొట్టింది, నేను నీలిగీత మీదికి జారుతున్నాను, ఝాన్సీ గీత బయట ఒంటికాలి మీద తూలుతూ ఆగి ఉంది. “ఆగు, ఆగు,” అని గౌరి తనలో తనే అంటోంది. నేను గీత దాటాను. “బియ్యం!” అని అరిచింది రూతు కాదు, గౌరి. ఝాన్సీ దాటింది. నన్ను అందుకుంది. డోల్మా ఎడమ భుజం పక్కనుంచి వెళ్ళి నేను వలలో పడ్డాను. ఈసారి విజిల్ వేసిన రెఫరీ వేలు చాపి నన్నే చూపించాడు. గోల్‌కు గుర్తు అదే.

గౌరి ఈసారి గెంతలేదు. రింకు నడిమధ్యన నిలబడి, ముఖం మీది జాలీ పైకెత్తి, చిన్నపిల్లలా ఏడ్చింది. దింపుదామనుకున్న ఆరో మనిషి దిగనేలేదు. మైకులో గోల్ కొట్టినది ఝాన్సీ అని, అందించినవాళ్ళు రూతు, గౌరీశ్వరి అని చెప్పారు. గోల్ కొట్టినవాళ్ళతో పాటు అందించిన ఇద్దరి పేర్లూ చెప్పడం ఈ ఆటలో ఆచారం. ఎన్ని దెబ్బలు తిన్నా ఈ ఒక్క మర్యాద కోసం ఐస్ హాకీని క్షమించాను.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరైనా మొట్టమొదటిసారి గోల్ కొట్టిన పక్‌ను మళ్ళీ ఆటలో వాడరు, కొట్టినవాళ్ళకు ఇచ్చేస్తారు. ఇది ఆ జట్టు మొదటి గోలని డోల్మాకు తెలుసు. తనను దాటిన నన్నే వలలోంచి తీసి, చేతితొడుగుతో తుడిచి ఝాన్సీ చేతిలో పెట్టింది. ఝాన్సీ నన్ను పట్టుకుని తిన్నగా వెళ్ళి గౌరి చేతిలో పెట్టింది. ఆట ఒకటికి అయిదుతో ఓడిపోయారు. చూసినవాళ్ళెవరైనా వాళ్ళే గెలిచారనుకుంటారు.

అలా గాజువాక వచ్చాను. నూకరత్నం నన్ను వేళ్ళతో మీటి, “ఏటమ్మా ఇది? పీట కాదు, మూత కాదు,” అని అడిగింది. గౌరి కథంతా చెప్పింది. తన మాట మంచు దేశందాకా వెళ్ళిందని విని ఆవిడ మురిసిపోయి, మర్నాడు ఇరుగుపొరుగును పిలిచి ఆ కథే మళ్ళీ చెప్పించింది. ఆ తర్వాత సముద్రపుగాలికి వీధితలుపు కొట్టుకోకుండా నన్ను గడప దగ్గర పెట్టారు. ఆటలో ఎగరకుండా మంచులో పాతిపెట్టించుకున్నవాణ్ణి, ఇక్కడ ఎండలో హాయిగా మెత్తబడుతున్నాను. గౌరి ఇప్పుడు బడిలో చిన్నపిల్లలకు చక్రాల హాకీ నేర్పుతోంది. సిమెంటు మీద సుద్దముక్కతో నీలిగీత కూడా గీస్తుందట.

మొన్న ఒక పొద్దున గౌరి కూతురు పాకుతూ నా దగ్గరికి వచ్చింది. ఇంకా గడప దాటడం రాదు. వరండాలోంచి లోపలికి చూసి, నన్ను చూసి, బుల్లి చేతులతో గడప మీదికెత్తి ఒక్క తోపు తోసింది. నేను తూలి, లోపల గచ్చు మీద పడ్డాను. పాప కాసేపు ఆగింది. ఆ తర్వాత మోకాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి నా వెనకే గడప దాటింది.

“అత్తా, గడప దాటిందత్తా! గారెలకు పప్పు నానబెట్టు!” అని గౌరి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి కూతుర్ని ఎత్తుకోబోయి ఆగింది. నన్ను చూసింది. ఆనాటి రెఫరీ లాగే చెయ్యి చాపి, వేలితో నన్ను చూపించింది.