ఆరకూడని దీపం

మా అక్కకి ఇప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. అందుకే ఈ పండగకి దీపం మొక్కుకుంది. హాల్లో అమ్మవారి ముందు వెలిగించిన అఖండదీపం పండగ ముగిసేదాకా ఆరకుండా తనే కాపాడుకుంటానంది. ఆరితే? ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కళ్ళు మాత్రం అందరివీ ఆమె కడుపు మీదే.

నేను బట్టలు కుడతాను. అమ్మవారి వెనక జరీ తెర నా మిషను మీద కుట్టిందే. భక్తంటారా, అంతంతమాత్రం. ఆకలికి అసలే ఆగలేను. ఆఖరి రోజు అందరూ ఉపవాసముంటే నేను తెర వెనక టిఫిను డబ్బా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను.

ఆ సాయంత్రమే గాలీవానా పట్టుకుంది. కరెంటు పోయింది. జనరేటరు తడుస్తోందని బావ దాన్ని వరండాలోకి లాగించాడు. ఇంతలో దీపం రెపరెపలాడింది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కిటికీలు మూసెయ్యండర్రా! తలుపులు కూడా!" అన్నారు అక్క అత్తగారు. పూజ దగ్గర ఆవిడ మాటకి ఎదురులేదు.

అన్నీ మూశారు. తలుపు సందుల్లో తెల్లగుడ్డ పీలికలు కుక్కింది నేనే. దీపం నిటారుగా నిలబడింది. అక్క నవ్వింది.

భజన మొదలైన కాసేపటికే తాళం తప్పింది. పక్కింటి పిన్ని గోడకి ఆనుకుని కునుకు తీసింది. బావ తల పట్టుకున్నాడు.

"ఉపవాసం కదూ, నీరసం," అన్నారు అత్తగారు. "అమ్మవారు పరీక్ష పెడుతోంది. ఇంకాసేపు ఓర్చుకోండి."

ఒక్కో గొంతూ ఆగిపోతూ వచ్చింది. అక్క దీపం పక్కనే ఒరిగింది. పాపం, పొద్దుట్నించీ ఏమీ తినలేదు అనుకున్నాను. నాకూ తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది.

నాకెందుకు? నేను సుబ్బరంగా తిన్నాను కదా!

తలుపు వైపు చూశాను. అవతల జనరేటరు బుర్రుమంటూనే ఉంది. సందులో కుక్కిన తెల్లగుడ్డ నల్లబడింది. పొగ లోపలికే వస్తోంది.

"అక్కా, లేవే! బయటికి పద!"

పలకలేదు. తూలుకుంటూ వెళ్ళి కిటికీ గడియ పట్టుకున్నాను.

"వద్దే!" అత్తగారు కూర్చున్నచోటు నుంచే చెయ్యెత్తారు. "అది దీపం కాదే, పుట్టబోయే బిడ్డ!"

నాకు మాత్రం భయం లేదా? అయినా తెరిచేశాను. వాన మొహాన కొట్టింది. వెనక్కి తిరిగేసరికి దీపం లేదు.

తడిగాలికి ఒక్కొక్కరే దగ్గుతూ లేచారు, అక్క తప్ప. ఆమెని ఆసుపత్రికి మోసుకెళ్ళాం.

"అంతా జనరేటరు పొగమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే ఒక్కరూ మిగిలేవారు కాదు," అంది డాక్టరమ్మ. బిడ్డ సంగతి అడిగితే, "చూద్దాం" అని వెళ్ళిపోయింది.

కళ్ళు తెరవగానే అక్క నా చెయ్యి పట్టుకుని, మాస్కు పక్కకి లాగి ఒక్కటే అడిగింది.

"దీపం ఉందా?"

అబద్ధం నా నోటిదాకా వచ్చింది.

"నీ చెల్లెలే ఆర్పేసింది," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు.

అక్క నా చెయ్యి వదిలేసింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, కదలిక కోసం కాచుకుని ఉంది. నేనూ అటే చూస్తున్నాను. కదులు తల్లీ, ఒక్కసారి కదులు. నువ్వు కదలకపోతే ఆ ఇంట్లో పొగ సంగతి ఎవరికీ గుర్తుండదు.