శుక్రుడికి పట్టిన వణుకు

బెల్‌గ్రేడ్ శివారు కొండమీది వేధశాలలో పనిచేసే రాతోమిర్ పట్టపగలే శుక్రగ్రహాన్ని పట్టేవాడు. టెలిస్కోపు గురిపెట్టి కూర్చుంటే, పిలిచిన చుట్టంలా శుక్రుడు వేళకు వచ్చి, కన్ను ఆనించే అద్దంలో కొలత గీతలుగా బిగించిన సాలీడు పోగులను ఒక్కొక్కటే దాటుకుంటూ పోయేవాడు.

అలాంటి శుక్రుడు ఈ చలికాలం తాగినవాడిలా తూలుతున్నాడు. లెక్క ఒకచోటు చెబితే కొలత ఇంకోచోటు చూపిస్తోంది. టెలిస్కోపు ముసలిదైపోయిందనీ, ఈసారీ తప్పితే మ్యూజియానికి తోలేస్తాననీ తనిఖీకి రాబోయే ప్రొఫెసర్ వెలిజార్ కబురంపాడు. రాతోమిర్ బెదరలేదు. రోగం టెలిస్కోపుది కాదు, గదిదేనని తేల్చుకుని ఆ పొద్దున పెందలాడే వచ్చాడు.

అనుకున్నట్టే కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, పొయ్యి భగభగమంటోంది. గది ఊడ్చే స్తమేనా అత్త చలి కాచుకుంటోంది. అతను వచ్చే ముందు అన్నీ తెరిచేయడం ఆవిడకు అలవాటట. ఆ దేశంలో తోడేలుకు జడవనివాడు కూడా ఎదురెదురు కిటికీల గాలికి జడుస్తాడు. వాళ్ల ఊళ్లో ఒకాయన చెవిలో దూరిన గాలి మోకాల్లోంచి బయటికొచ్చిందని అత్త ఒట్టేసి చెబుతుంది.

"అత్తా, లోపల వేడి, బయట చలి. రెండూ కలిసి గాలి ఉడుకుతోంది. ఉడికే కుండలో మెతుకు నిలబడుతుందా?"

"మెతుకు సంగతి సరే నాయనా, నీ మెడ పట్టేస్తే ఎవడు నిలబెడతాడు?"

రాతోమిర్ నవ్వి పొయ్యి ఆర్పాడు. కిటికీలూ కప్పూ బార్లా తెరిచాడు. కొషవ అనే అక్కడి చలిగాలి పెళ్లివారిలా తోసుకొచ్చింది. మధ్యాహ్నానికి గది, బయటి ఆకాశం ఒకే చల్లదనంలో పడ్డాయి.

ప్రొఫెసర్ వచ్చీరాగానే చలిగాలికి తన మెడ పట్టుకున్నాడు. కిటికీలు మూయకపోతే కొండ దిగి పోతాననీ, తను చూడని కొలత చెల్లదనీ అన్నాడు.

"మూస్తే మీకు వెచ్చగా ఉంటుంది ప్రొఫెసర్ గారూ, శుక్రుడికి వణుకు పుడుతుంది. ఎవరు వణకాలో మీరే చెప్పండి."

ప్రొఫెసర్ నోరు తెరిచేలోగా అత్త తన గొర్రెతోలు కోటు ఆయన భుజాల మీద కప్పేసింది. ఆయన గొణుక్కుంటూ కూర్చున్నాడు.

శుక్రుడు వచ్చాడు. తూలలేదు, తడబడలేదు. గట్టు మీద నడిచే రైతులా పోగు వెంట పోగు దాటాడు. ప్రతి పోగు దగ్గరా రాతోమిర్ వేళను నమోదు చేసే మీట నొక్కాడు. గ్రహం ఎత్తు చూపే చక్రం మీది గీతలు చదివి వినిపించాడు. ప్రొఫెసర్ పళ్లు టకటకలాడిస్తూనే తీసివేతలు చేశాడు, నమ్మకం చాలక మళ్లీ చేశాడు. గ్రహం లెక్క చెప్పినచోటే ఉంది.

ఆయన కాగితాలు మడిచి, మళ్లీ కొలత ఎప్పుడని అడిగాడు.

"రేపు మధ్యాహ్నమే. దయచేయండి."

"నేను రాను నాయనా. కొలతలు పంపిస్తూ ఉండు, చాలు."