ముత్యాలు కూర్చునే కుర్చీ

ముత్యాలు మోటార్‌సైకిల్‌ని నడక కన్నా కాస్త వేగంగా పోనిస్తూ, మలేషియాలోని బంటింగ్ ఊరి పాత వీధుల్లో ఇళ్ల గేట్లు చూసుకుంటూ వెళ్తున్నాడు. ఇది రోజూ పొద్దున చేసే పనే. గేటు ముందు గడ్డి పెరిగిందా, ఉత్తరాల పెట్టె నిండి కాగితాలు బయటికి తొంగి చూస్తున్నాయా, పెచ్చులూడిన గోడకి హఠాత్తుగా రంగు పడిందా? వీటిని బట్టి ఏ ఇల్లు అమ్మకానికొస్తుందో అతను ముందే పసిగడతాడు. మనిషి పొట్టి. ఎండకి కమిలిన ముంజేతులు, మడమలరిగిన బూట్లు, వెలిసిపోయిన నీలం చొక్కా, మెడలో ఇళ్ల ఏజెంటు ట్యాగ్. ట్యాగ్ మీది ఫోటోలో మాత్రం జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

మిగతా ఏజెంట్లు గేట్లకి కరపత్రాలు దోపుతారు, ఫోన్లు చేసి విసిగిస్తారు, వీడియోలు పెడతారు. ముత్యాలు వరసలు కలుపుతాడు. మీ పెద్దలు పనిచేసింది ఏ ఎస్టేటులో, మీ అమ్మగారి ఇంటిపేరేమిటి అని అడగడం మొదలుపెట్టాడంటే కాసేపటికి ఎదుటివాళ్లు మావయ్యో వదినో అయి తీరాల్సిందే. పెళ్లికి వెళ్తే వడ్డనకి దిగుతాడు, చావుకి వెళ్తే పాడె మోస్తాడు. ఇల్లు అమ్ముతారా అని మాత్రం నోరు తెరిచి అడగడు. అమ్మే రోజొస్తే వాళ్లే పిలుస్తారని ధీమా. పైగా అన్నం తిన్న ఇంట్లో ఒప్పంద పత్రం తీసి సంతకం పెట్టమనడం అతనికి చేతకాదు. ఎస్టేటు కూలీల లైన్ ఇళ్లలో పెరిగినవాళ్లకి అది తిన్న కంచంలో చెయ్యి కడిగినంత మర్యాద తక్కువ పని.

ఆఫీసు యజమానురాలు కోగిల ఈ మర్యాదలు విని నెత్తి కొట్టుకునేది. ఏడాదిగా ముత్యాలు అమ్మకానికి ఒక్క ఇల్లూ తేలేదు. ఈ నెల కూడా తేకపోతే ట్యాగ్ తిరిగిచ్చి ఇంట్లో కూర్చోమని నిన్న మొహం మీదే చెప్పేసింది. ముత్యాలు బెదరలేదు. అచ్చమ్మ పిన్ని ఇల్లుంది కదా!

పిన్ని అన్నదీ కలుపుకున్న వరసే. ఆవిడ భర్త పోయినప్పుడు ముత్యాలు పాడె మోశాడు. అప్పట్నుంచీ ఆ ఇంటికి వెళ్లని వారం లేదు. కారే కుళాయి బాగుచేశాడు, వర్షాకాలానికి ముందు చూరు గొట్టాల్లో చెత్త తీశాడు, ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వరండాలో అతనికని ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. విరిగిన కాలికి అతనే తీగ చుట్టాడు. ఆవిడ పాత చీర మడిచి మెత్త కుట్టి వేసింది. అందులో ఇంకెవరినీ కూర్చోనివ్వదు. మొదట్లో అతను ఇంటి కోసమే వెళ్లాడు, అబద్ధమెందుకు? ఎప్పుడు ఆ సంగతి మరిచిపోయి ఊరికే వెళ్లడం మొదలుపెట్టాడో అతనికే తెలియదు.

ఈమధ్య ఆవిడే అంది, సైబర్‌జయ పట్నంలో ఉండే కూతురు విజయరాణి దగ్గరికి వెళ్లిపోతానని, ఇల్లు అమ్మేస్తానని. ముత్యాలు కడుపు నిండిపోయింది. ఆ సంతోషం దాచుకోలేక టీ కొట్టులో ఇళంగోవన్‌కి చెప్పేశాడు. ఇళంగోవన్ ఇంకో ఆఫీసు ఏజెంటు, ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర టీ తాగే స్నేహితుడు. ఎన్నడూ జేబులో చెయ్యి పెట్టని మనిషి ఆ రోజు టీ డబ్బులు తనే ఇచ్చాడు. ముత్యాలు అప్పుడైనా అనుమానించాల్సింది.

వీధి మలుపు తిరగ్గానే అచ్చమ్మ ఇంటి ముందు సామాను లారీ కనిపించింది. వరండా ఇనప చట్రానికి ఎత్తుగా కట్టిన అమ్మకం బోర్డు మీద ఇళంగోవన్ ఫోటో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"వచ్చినావా ముత్యాలూ!" అచ్చమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కొత్త చీర కట్టుకుంది.

"ఈ బోర్డేటి పిన్నీ?"

"ఇళంగో వచ్చినాడు. నువ్వే పంపినావన్నాడు. నిన్న సంతకం ఎట్టినాను."

"నాకొక్క మాట సెప్పలేదేటి?"

"నీతో బేరం ఆడతానేటి? దర తగ్గిందనీ, కమీషన్ ఎక్కువనీ ఇంటి మనిషితో తగువాడితే రేపు నా పీనుగెవుడు మోత్తాడు? ఆడు పరాయోడు. తిట్టినా ఏటీ పోదు."

ఎవరూ చెయ్యని మంచిపని చేశానన్న గర్వంతో ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆడు అబద్ధం ఆడినాడు పిన్నీ, నేను ఇన్నాళ్లూ వచ్చింది ఈ ఇంటి కోసమే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ పాడె, ఆ కుళాయి, ఆ ఆస్పత్రి ప్రయాణాలు అన్నీ ఏజెంటు ఎత్తులైపోతాయి. మింగేశాడు. ఇళంగోవన్ చేసింది దగా, దానికి పేరుంది. ఈవిడ చేసినదానికి పేరే లేదు. ఇంత ప్రేమగా అతని పొట్ట ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.

"కోపమేటి నాయనా?"

"లేదు పిన్నీ."

"అయితే తాళం ఆడికిచ్చీ. బేగి వత్తానన్నాడు. నీ కుర్చీ లారీలో ఎయ్యనీలేదు, నువ్వు అట్టుకెళ్లు. సైబర్‌జయ రా, బువ్వ తినెల్దువుగాని."

తాళం అతని అరచేతిలో పెట్టి, గెడ్డం పుణికి, కూతురి కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా ముత్యాలు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

కాసేపటికి ఇళంగోవన్ వచ్చాడు. నేల చూపులు చూస్తూ, తప్పుగా అనుకోవద్దని తమిళంలో ఏదో నసిగాడు. ముత్యాలు తాళం అతని చేతిలో పడేశాడు. మెడలోంచి ట్యాగ్ తీసి జేబులో వేసుకుని మోటార్‌సైకిల్ ఎక్కాడు. కుర్చీ ముట్టుకోలేదు.

అది బోర్డు కిందే ఉండిపోయింది. పాత చీరతో కుట్టిన ఆ మెత్త మీద, బోర్డు కట్టడానికి ఎక్కినవాడి బూట్ల మట్టి ఇంకా తడారలేదు.